పాత కారు వెనుక ఇరుసును కురచ చేయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలన్నీ ఇంజను ముందు ఉండి, ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక చక్రాలను తిప్పే పాతకాలపు కార్ల గురించినవి. వెనుక అటూ ఇటూ ఒకే గట్టి ఇరుసు ఉన్న కార్లకే ఈ జవాబులు వర్తిస్తాయి. విడి సస్పెన్షన్ ఉన్న కార్ల సంగతి ఒక చిన్న ప్రశ్నలో మాత్రం వస్తుంది.

కురచ చేయడం అంటే అసలు ఏం చేస్తారు?

వెనుక ఇరుసు హౌసింగుకు నడుమ డిఫరెన్షియల్ (ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పుడును రెండు చక్రాలకూ పంచే గేర్ల సముదాయం) కూర్చునే గుండ్రటి భాగం, దానికి రెండు పక్కలా గొట్టాలు, గొట్టాల చివర బేరింగులను పట్టి ఉంచే అంచులు ఉంటాయి. గొట్టాల లోపల, డిఫరెన్షియల్ నుంచి చక్రాల దాకా, రెండు హాఫ్ షాఫ్టులు తిరుగుతుంటాయి. కురచ చేసేటప్పుడు గొట్టం చివర్లను కోసి, అనుకున్నంత ముక్కను తీసేసి, బేరింగు అంచును మళ్లీ నిక్కచ్చిగా తిన్నగా వెల్డు చేసి, కొత్త పొడవుకు సరిపోయే షాఫ్టులను అమరుస్తారు. వినడానికి కోసి అతికించే పనిలా ఉన్నా, ఇందులో కష్టమంతా కోయడంలోనూ అతకడంలోనూ లేదు, ముందు తీసుకునే కొలతల్లోనూ వెల్డు చల్లారాక తిన్నదనాన్ని నిలబెట్టుకోవడంలోనూ ఉంది.

ఇరుసు కురచ చేస్తే వెడల్పు చక్రాలకు చోటు వస్తుందా?

రాదు. ఈ పనికి దిగేవారిలో చాలామంది ఇక్కడే పొరబడతారు. చక్రానికి దొరికే చోటు లోపలి వైపు లీఫ్ స్ప్రింగుకూ (లేదా చాసిస్ పట్టీకీ), బయటి వైపు మడ్‌గార్డు అంచుకూ మధ్య ఉన్నంతే. ఇరుసును రెండు అంగుళాలు తగ్గించినా నాలుగు అంగుళాలు తగ్గించినా ఆ ఖాళీ వెంట్రుకవాసి కూడా పెరగదు. ఆ ఖాళీలో చక్రం ఆనే ముఖం ఎక్కడ ఉండాలో నిర్ణయించడం వరకే ఇరుసు పొడవు పని.

అందుకే ఇరుసు పొడవు మొదట అనుకునే అంకె కాదు, లెక్క చివర తేలే అంకె. ముందు బాడీని కొలవాలి, తర్వాత టైరును, ఆ తర్వాత రిమ్మును ఎంచుకోవాలి. ఈ మూడూ స్థిరపడితే ఇరుసు ఎంత ఉండాలో దానంతట అదే తెలుస్తుంది. ఒక్కోసారి అసలు కోయనవసరమే లేదని కూడా తేలుతుంది.

అయితే కోయవలసిన అవసరం ఎప్పుడు వస్తుంది?

ముఖ్యంగా మూడు సందర్భాల్లో వస్తుంది. కావలసిన చోట చక్రాన్ని నిలబెట్టడానికి మరీ లోతైన బ్యాక్‌స్పేసింగ్ (రిమ్ము లోపలి పెదవి నుంచి చక్రం ఆనే ముఖం దాకా ఉన్న దూరం) కావలసి వచ్చి, అలాంటి రిమ్ము దొరకనప్పుడు లేదా దొరికినా దాని పుల్లలు బ్రేకుకు తగులుతున్నప్పుడు మొదటిది. బయటికి లోతుగా కనిపించే గిన్నె ఆకారపు రిమ్మే కావాలని యజమాని పట్టుబట్టినప్పుడు రెండోది. లోపలి చక్రపు గూటిని కోసి, స్ప్రింగులను లోపలికి జరిపి, టైరుకు నిజంగానే కొత్త చోటు కల్పించినప్పుడు మూడోది. వీటికి తోడు, వేరే కారు నుంచి తెచ్చిన బలమైన ఇరుసు మన కారుకు మరీ పొడవైపోయినప్పుడు కూడా కోయక తప్పదు.

కోయకుండా సరిపెట్టుకునే దారులు ఉన్నాయా?

ఉన్నాయి, ముందు వాటినే చూడాలి. సరైన బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రిమ్ములను చేయించుకోవడం చాలా సందర్భాల్లో ఇరుసు పని కంటే చవక, పైగా కారు మీద ఏదీ శాశ్వతంగా మారదు. మడ్‌గార్డు లోపలి అంచును మడిచి చదును చేస్తే కొద్దిపాటి చోటు కలిసి వస్తుంది. స్పేసర్లు (చక్రానికీ అది ఆనే ముఖానికీ మధ్య పెట్టే దళసరి పళ్లేలు) మాత్రం ఇక్కడ పనికిరావు, ఎందుకంటే అవి చక్రాన్ని బయటికి నెడతాయి, మనకు కావలసింది లోపలికి.

మరో దారి, పుట్టుకతోనే సరైన వెడల్పు ఉన్న ఇరుసును వెతకడం. ఉదాహరణకు 1965–66 ఫోర్డ్ ముస్టాంగ్‌ల వెనుక ఇరుసు ఒక పక్క చక్రం ఆనే ముఖం నుంచి మరో పక్క ముఖానికి సుమారు 57.25 అంగుళాలు ఉంటుంది. 1967–70 కార్లలో అది సుమారు 59.25 అంగుళాలు. అంటే 1967–70 కారు యజమానికి ఒక్కో పక్క అంగుళం చొప్పున కురచ ఇరుసు అదే కంపెనీ పాత కార్లలోనే దొరుకుతుంది. 1977–80 నాటి లింకన్ వెర్సాయ్ కార్ల కింద డిస్కు బ్రేకులతో సహా వచ్చిన సుమారు 58.5 అంగుళాల ఫోర్డ్ ఇరుసును పాత కార్లవాళ్లు ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్నది ఇందుకే.

కొలతలు ఎలా తీసుకోవాలి?

ఈ ప్రశ్నకు జవాబు పొడవుగానే ఉంటుంది, ఉండాలి కూడా. కారును సమతలం మీద, అది రోడ్డు మీద నిలబడే ఎత్తులోనే నిలబెట్టాలి. సస్పెన్షన్ ఎత్తు ఇంకా తేలకపోతే ముందు దాన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే మడ్‌గార్డు అంచు టైరుకు ఏ ఎత్తులో ఎదురవుతుందన్నది దాని మీదే ఆధారపడుతుంది. రెండు మడ్‌గార్డుల అంచుల నుంచీ తూకపు దారాలను వేలాడదీసి, నేల మీద గుర్తులు పెట్టుకుని, వాటి మధ్య దూరాన్ని కొలవాలి. పాత బాడీలు రెండు పక్కలా ఒకేలా ఉండవు. పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా తేడా కనబడితే ఆశ్చర్యపడనక్కర లేదు. కాబట్టి కారు నడిమి గీత నుంచి ఒక్కో పక్కను విడివిడిగా కొలిచి, తక్కువ చోటు ఉన్న పక్కను ప్రమాణంగా తీసుకోవాలి.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చూద్దాం. అంచు నుంచి అంచుకు 70 అంగుళాలు ఉన్నాయనుకుందాం. బయట ఒక్కో పక్క ఒక అంగుళం ఖాళీ వదిలితే, టైర్ల బయటి గోడల మధ్య 68 అంగుళాలు మిగులుతాయి. మనం ఎంచుకున్న టైరు, రిమ్ముకు ఎక్కి గాలి నిండాక, గోడ నుంచి గోడకు 11 అంగుళాలు ఉందనుకుంటే, రెండు టైర్ల నడిమి గీతల మధ్య దూరం 57 అంగుళాలు అవుతుంది. దీన్నే ట్రాక్ అంటారు.

ఇప్పుడు రిమ్ము సంగతి. 10 అంగుళాల రిమ్ము అంటే టైరు అంచులు కూర్చునే గాడుల మధ్య 10 అంగుళాలు. దాని రెండు పెదవులనూ కలుపుకుంటే మొత్తం వెడల్పు సుమారు 11 అంగుళాలు ఉంటుంది. బ్యాక్‌స్పేసింగ్‌ను లోపలి పెదవి నుంచి కొలుస్తారు కాబట్టి ఈ తేడాను మరిచిపోతే లెక్క అర అంగుళం తప్పుతుంది. 6 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రిమ్ములో చక్రం ఆనే ముఖం, రిమ్ము నడిమి గీత కంటే అర అంగుళం బయటికి ఉంటుంది. అంటే ఇరుసు మీద చక్రపు ముఖాల మధ్య దూరం 57కు రెండు అర అంగుళాలు కలిపి 58 అంగుళాలు కావాలి. కారు కింద ఇప్పుడున్న ఇరుసు 60 అంగుళాలైతే ఒక్కో పక్క అంగుళం కోయాలి.

కానీ అదే 60 అంగుళాల ఇరుసు మీద 7 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రిమ్ము వేసినా టైరు సరిగ్గా అదే చోట నిలబడుతుంది. అలాంటి రిమ్ము దొరికి, బ్రేకుకు తగలకపోతే రంపం పెట్టవలసిన పనే లేదు.

ఇక లోపలి వైపు. ట్రాక్‌లో సగం 28.5 అంగుళాలు, అందులోంచి టైరులో సగం 5.5 తీసేస్తే, టైరు లోపలి గోడ కారు నడిమి గీతకు 23 అంగుళాల దూరంలో ఉంటుంది. లీఫ్ స్ప్రింగు నడిమి గీత 21.5 అంగుళాల దగ్గర, స్ప్రింగు వెడల్పు 2.5 అంగుళాలు అయితే, స్ప్రింగు బయటి అంచు 22.75 దగ్గర ఉంటుంది. మిగిలింది పావు అంగుళం. ఇది చాలదు. ఇరుసును ఎంత కోసినా ఈ పావు అంగుళం పెరగదని ఇప్పుడు అంకెల్లోనే కనబడుతోంది. ఇక్కడ టైరు వెడల్పు తగ్గించుకోవాలి, లేదా స్ప్రింగును జరపాలి.

టైరు మీద రాసిన వెడల్పును నమ్మవచ్చా?

పూర్తిగా నమ్మకూడదు. టైరు గోడ మీద కనిపించే 275 వంటి అంకె ఒక నిర్ణీత వెడల్పు ఉన్న రిమ్ము మీద కొలిచినది. రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు గోడల వెడల్పు సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. ఒకే సైజు టైర్లు కూడా కంపెనీని బట్టి తేడాగా ఉంటాయి. అందువల్ల టైరును ముందే కొని, రిమ్ముకు ఎక్కించి, గాలి నింపి, స్వయంగా కొలవడమే మేలు. రిమ్ములు ఇంకా రాకపోతే అరువు తెచ్చుకున్న అదే వెడల్పు రిమ్ము మీదైనా కొలవాలి.

ఎంత ఖాళీ వదలాలి?

లీఫ్ స్ప్రింగు కార్లలో లోపల, బయట చెరొక అంగుళం వదలడం క్షేమం, ఎందుకంటే మలుపుల్లో రబ్బరు బుష్‌లు, స్ప్రింగు ఆకులు పక్కకు వంగి ఇరుసు కాస్త జరుగుతుంది. వాట్స్ లింకేజీ వంటి ఏర్పాటుతో పక్క కదలికను కట్టడి చేసిన కార్లలో ఇంకాస్త తగ్గించవచ్చు. పాన్‌హార్డ్ రాడ్డు (ఇరుసు పక్కకు జరగకుండా దాన్ని బాడీకి కట్టే అడ్డ కడ్డీ) ఉన్న కార్లలో ఇరుసు పైకి కిందికి వెళ్లినప్పుడు చిన్న విల్లులా పక్కకు జరుగుతుందన్నది గుర్తుంచుకోవాలి. స్ప్రింగులు విప్పేసి, జాకీతో ఒక్కో పక్కను చివరి దాకా లేపి, దించి చూడకుండా ఏ ఖాళీ గురించీ తుది మాట చెప్పకూడదు.

రెండు పక్కలా సమానంగానే కోయాలా? పినియన్ సంగతి ఏమిటి?

రెండు పక్కలా సమానంగా కోస్తే పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసే డిఫరెన్షియల్ చిన్న గేరు) కారులో ముందు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, ప్రొపెల్లర్ షాఫ్టు గీత మారదు. కారుకు పుట్టుకతో వచ్చిన ఇరుసునే కోస్తున్నప్పుడు ఇదే సరైన పద్ధతి. చాలా ఇరుసుల్లో రెండు గొట్టాలు, రెండు షాఫ్టులు సమానంగా ఉండవు, పినియన్ సరిగ్గా నడుమ ఉండదు. దాన్ని చూసి "ఇదేదో వంకరగా ఉంది, నడిమికి తెద్దాం" అని తొందరపడకూడదు. చాలా కార్లలో ఇంజను, గేరుపెట్టె కూడా నడిమి గీతకు కాస్త పక్కగానే బిగించి ఉంటాయి.

వేరే కారు ఇరుసును తెచ్చినప్పుడు పరిస్థితి వేరు. 1995–2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కింద వచ్చే 8.8 అంగుళాల ఇరుసులో (ఇలాంటి పేర్లలోని అంకె ఇరుసు పొడవు కాదు, డిఫరెన్షియల్ పెద్ద గేరు వ్యాసం) ఎడమ గొట్టం పొడవు, కుడిది కురచ. ఎడమ గొట్టాన్ని సుమారు మూడు అంగుళాలు కోసి, రెండు పక్కలా కుడి వైపు కురచ షాఫ్టునే వేస్తే కొత్త షాఫ్టులు చేయించే ఖర్చు ఉండదు, పినియన్ కూడా దాదాపు నడిమికి వస్తుంది. డిస్కు బ్రేకులు, 31 స్ప్లైన్ల (డిఫరెన్షియల్ గేరులో దూరే షాఫ్టు చివరి పళ్ల) షాఫ్టులు దానితోనే వస్తాయి. ఈ పనిలో ఇంతకన్నా తెలివైన పొదుపు మార్గం మరొకటి లేదని చెప్పవచ్చు.

పినియన్ పక్కకు జరిగితే ఏమవుతుందో కూడా లెక్క వేయవచ్చు. 50 అంగుళాల ప్రొపెల్లర్ షాఫ్టుకు ఒక చివర ఒకటిన్నర అంగుళం పక్కకు జరిగితే సుమారు 1.7 డిగ్రీల కోణం ఏర్పడుతుంది. నిలువుగా చూసినప్పుడు ఉన్న కోణానికి ఇది నేరుగా కలవదు, రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి. నిలువు కోణం 3 డిగ్రీలు, అడ్డ కోణం 2 డిగ్రీలు ఉంటే యూనివర్సల్ జాయింటు పనిచేసే అసలు కోణం సుమారు 3.6 డిగ్రీలు. రోడ్డు మీద తిరిగే కారులో ఇది 3 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలనీ, గేరుపెట్టె, పినియన్ గీతలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలనీ చూసుకోవాలి. లేకపోతే వేగం పెరిగిన కొద్దీ వణుకు మొదలవుతుంది.

ఏ ఇరుసులు ఈ పనికి అనువైనవి?

డిఫరెన్షియల్‌ను మొత్తంగా ముందు వైపు నుంచి ఊడదీయగలిగే ఇరుసులు అన్నిటికన్నా సులువు. 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ వాడిన 9 అంగుళాల ఇరుసుకు ఇంత పేరు రావడానికి ఒక కారణం ఇదే. గేర్ల అమరికను కదపకుండానే హౌసింగును ఖాళీ చేసి, దాని పని దానికి చేయవచ్చు. ఉక్కు రేకుతో అచ్చొత్తిన హౌసింగు కాబట్టి వెల్డు కూడా బాగా పడుతుంది. క్రైస్లర్ 8¾ అంగుళాల ఇరుసు కూడా ఇదే కోవకు చెందినదే, కాకపోతే దానిలో చక్రపు బేరింగులు కోనిక రోలర్ రకం, రెండు షాఫ్టుల లోపలి చివరల మధ్య ఒక దిమ్మ ఉంటుంది, షాఫ్టులు లోపలికీ బయటికీ కదిలే ఆటను గొట్టం చివర మరతో సరిచేస్తారు. అందువల్ల దీన్ని కోసేటప్పుడు రెండు షాఫ్టుల మొత్తం పొడవు ఇంకా జాగ్రత్తగా లెక్కించాలి.

డేనా 60, జనరల్ మోటార్స్ 12 బోల్టుల ఇరుసు వంటి వాటిలో నడిమి భాగం పోత ఇనుము, గొట్టాలను దానిలోకి బలంగా దిగ్గొట్టి రంధ్రాల్లో వెల్డు పోస్తారు. వీటినీ కురచ చేయవచ్చు, చేస్తారు కూడా. కానీ కోత, అతుకు ఉక్కు గొట్టం చివరనే జరగాలి. గొట్టాన్ని పోత భాగానికి చుట్టూ వెల్డు చేయాలనుకుంటే ముందుగా వేడి చేయడం, నికెల్ ఎక్కువగా ఉన్న రాడ్డు వాడడం, నిదానంగా చల్లార్చడం తప్పనిసరి. మామూలు రాడ్డుతో చేస్తే చల్లారేటప్పుడు అతుకు పక్కన పగులు వస్తుంది.

హౌసింగును ఎలా కోసి అతికించాలి?

ముందు హౌసింగు పూర్తిగా ఖాళీగా, నూనె మరక లేకుండా శుభ్రంగా ఉండాలి. నూనె ఉన్న చోట వెల్డులో బుడగలు వస్తాయి. పాత బేరింగు అంచులను మళ్లీ వాడే బదులు కొత్తవి కొనడం మంచిది. ఫోర్డ్ ఇరుసుల్లో చిన్న బేరింగుకు 2.835 అంగుళాల, పెద్దదానికి 3.150 అంగుళాల బయటి వ్యాసం ఉంటుంది, బ్రేకు ప్లేటు బోల్టుల అమరిక కూడా అంచు రకాన్ని బట్టి మారుతుంది. బ్రేకులు ఏవో తేలకుండా అంచులు కొనకూడదన్నమాట.

తిన్నదనానికి వాడే సాధనం ఒక పొడవాటి, నునుపుగా గ్రైండు చేసిన ఉక్కు కడ్డీ. డిఫరెన్షియల్ బేరింగులు కూర్చునే చోట, గొట్టం చివరి అంచుల్లో, లేత్ మీద కచ్చితంగా తిప్పిన బిళ్లలను పెట్టి, వాటి రంధ్రాల గుండా ఈ కడ్డీని దూర్చుతారు. డిఫరెన్షియల్ ఊడే రకం ఇరుసుల్లో ఒక ఖాళీ క్యారియర్‌ను (డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే, ఊడదీయగల పోత భాగాన్ని) బోల్టులతో బిగించి, దాని బేరింగు మూతలను కూడా నిర్ణీత బలంతో బిగించాకే బిళ్లలు పెట్టాలి. గొట్టాన్ని కంటితో చూసి, స్పిరిట్ లెవెల్ పెట్టి తిన్నగా ఉందనుకోవడం ఇక్కడ పనికిరాదు. గొట్టం వంకరగా ఉన్నా పరవాలేదు, బేరింగు అంచులు డిఫరెన్షియల్‌తో ఒకే గీతలో ఉంటే చాలు. పాత గొట్టాలు చాలావరకు కొంచెం వంగే ఉంటాయి.

కోత ఖచ్చితంగా లంబంగా ఉండాలి. పైపు కట్టరు కన్నా బ్యాండ్ రంపం, వీలైతే లేత్ మేలు. అంచును కడ్డీ మీదికి ఎక్కించి, బ్రేకు ప్లేటు ఏ దిశలో ఉండాలో సరిచూసి, ఎదురెదురుగా నాలుగు చోట్ల టాక్ వెల్డు (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న చుక్క) వేయాలి. తర్వాత చుట్టూ ఒకేసారి లాగకుండా, చిన్న చిన్న భాగాలుగా, ఒకటి వేశాక దానికి ఎదురుగా మరొకటి వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పూర్తి చేయాలి. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుని అంచును తన వైపు లాగుతుంది, ఆ లాగుడును ఎదుటి పక్క వెల్డు సరిచేస్తుంది. ప్రతి దశలోనూ కడ్డీ చేతితో తిరుగుతోందా, జారుతోందా అని చూడాలి. పూర్తిగా చల్లారాక కూడా అది చేతి బలంతో బయటికి రావాలి. సుత్తితో కొట్టి తీయవలసి వస్తే హౌసింగు వంగినట్టే, బిగుసుకున్న వైపును బట్టి గొట్టాన్ని ఒక చోట వేడి చేసి మళ్లీ లాగించాలి. ఇది అనుభవం ఉన్న చేతిపని.

స్ప్రింగు ఆనే పీటలను ఈ దశలో వెల్డు చేయకుండా, టాక్ మాత్రం వేసి ఆపడం ఉత్తమం. కారు కింద పెట్టి, బరువు మీద పినియన్ కోణాన్ని సరిచూశాకే వాటిని పూర్తిగా అతికించాలి. లీఫ్ స్ప్రింగు కార్లలో త్వరణం వల్ల స్ప్రింగు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, నిలబడి ఉన్నప్పుడు దాన్ని ఒకటి నుంచి మూడు డిగ్రీలు కిందికి ఉంచడం వాడుక. పీటలను అతికించాక మరోసారి కడ్డీ పరీక్ష చేయాలి, ఆ వేడి కూడా గొట్టాన్ని వంచగలదు.

తిన్నదనం కొంచెం తప్పితే ఏమవుతుంది?

షాఫ్టు ప్రతి చుట్టులోనూ కొద్దిగా వంగి లేస్తుంది. స్ప్లైన్లు అరుగుతాయి, ఆయిల్ సీలు ఒక పక్క ఒరుసుకుని కారుతుంది, బేరింగు వేడెక్కి మోగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. ఇవన్నీ ఒక్కరోజులో కనబడవు, అందుకే ఈ తప్పును చాలాసార్లు నాసి బేరింగు మీదికో చవక సీలు మీదికో నెట్టేస్తారు.

పాత హాఫ్ షాఫ్టులనే కురచ చేయించి వాడవచ్చా?

కొన్నిటిని వాడవచ్చు, చాలావాటిని వాడకూడదు. షాఫ్టు లోపలి చివరను కోసి, కొత్త స్ప్లైన్లు కోయాలంటే ఆ చోట షాఫ్టు కావలసినంత లావు ఉండాలి. కంపెనీ షాఫ్టులు ఎన్నో నడుమ సన్నబడి ఉంటాయి, కోసిన చోట స్ప్లైను పళ్లకు చాలినంత లోహమే మిగలదు. రెండో చిక్కు గట్టితనం. వీటిలో చాలావాటిని పై పొర వరకే ఇండక్షన్ పద్ధతిలో వేడి చేసి గట్టిపరుస్తారు. ఆ పొరను లేత్ మీద తీసేసి కొత్త పళ్లు కోస్తే, బరువంతా పడే చోట మెత్తని లోహం మిగిలిపోవచ్చు, దాన్ని మళ్లీ గట్టిపరచాలి. ఈ ఖర్చులన్నీ కలిపితే, కొలత ఇచ్చి మిశ్రమ ఉక్కుతో కొత్త షాఫ్టులు చేయించుకోవడమే మేలనిపిస్తుంది, నా సలహా కూడా అదే.

షాఫ్టును నడుమ కోసి, తొడుగు వేసి వెల్డు చేసే పద్ధతి కూడా కొందరు చెబుతుంటారు. దీనికి ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. వెల్డు పక్కన గట్టి ఉక్కు పెళుసుబారుతుంది, షాఫ్టు విరిగితే కొన్ని రకాల ఇరుసుల్లో చక్రం దానితో సహా బయటికి వచ్చేస్తుంది.

కొత్తవి చేయిస్తున్నప్పుడు స్ప్లైన్ల సంఖ్యను పెంచుకునే అవకాశం ఉంది. ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసుల్లో వచ్చే 28, 31 స్ప్లైన్ల షాఫ్టులు ఒకే 24 పిచ్‌వి (అంగుళం వ్యాసానికి 24 పళ్ల లెక్క) కాబట్టి వాటి పిచ్ వ్యాసాలు సుమారు 1.167, 1.292 అంగుళాలు. మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి వ్యాసపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 28 నుంచి 31కి మారితే అది సుమారు మూడో వంతు ఎక్కువవుతుంది. కానీ డిఫరెన్షియల్ లోపలి గేర్లు కూడా అదే సంఖ్యకు మార్చాలి. కురచ అయినంత మాత్రాన షాఫ్టుకు బలం పెరగదు, మెలిక మాత్రం కాస్త తగ్గుతుంది.

షాఫ్టుల కొలతను ఎప్పుడు ఇవ్వాలి?

హౌసింగు వెల్డు పూర్తయి, చల్లారి, తిన్నగా ఉందని తేలాక. కాగితం మీద లెక్కను చూసి ముందే షాఫ్టులు చేయించడం తొందరపాటు. డిఫరెన్షియల్‌ను బిగించి, అంచు ముఖం నుంచి నడిమి అడ్డ పిన్ను దాకా ఒక్కో పక్కను విడిగా కొలవాలి. షాఫ్టు చివరకూ ఆ పిన్నుకూ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉండాలి, స్ప్లైన్లు మాత్రం గేరులో పూర్తి పొడవునా దూరి ఉండాలి. చక్రపు ముఖాల మధ్య దూరం చెప్పేటప్పుడు డ్రమ్ము లేదా డిస్కు మందాన్ని కలిపారా, కలపలేదా అన్నది లిఖితంగా స్పష్టం చేయాలి. ఈ రెండు పక్కల మందం మరిచిపోవడం వల్లనే కొత్త షాఫ్టులు పావు అంగుళం తేడాతో వచ్చే సందర్భాలు ఎక్కువ.

సి-క్లిప్ ఇరుసులకు ప్రత్యేక జాగ్రత్త ఏమైనా ఉందా?

ఉంది. ఈ రకంలో షాఫ్టును పట్టి ఉంచేది దాని లోపలి చివరన గాడిలో కూర్చునే చిన్న సి ఆకారపు ముక్క. షాఫ్టు ఎక్కడ విరిగినా, ఆ చివర నుంచి విడిపోయిన భాగం చక్రంతో సహా బయటికి జారుతుంది. కోసి అంచులు మారుస్తున్నప్పుడే, బేరింగును బయటి చివర బోల్టులతో బిగించే రకం అంచులకు మారిపోవడం తెలివైన పని. ఆ రకంలో షాఫ్టు మీదికి ముందు బిగింపు ప్లేటు, తర్వాత బేరింగు, చివర బిగింపు రింగు ఎక్కించాలి. ప్లేటును మరిచి బేరింగు ఎక్కిస్తే, దాన్ని పాడుచేయకుండా తీయడం సాధ్యం కాదు.

బ్రేకుల విషయంలో ఏం చూడాలి?

బ్రేకు ప్లేటు ఇప్పుడు స్ప్రింగుకు దగ్గరగా వస్తుంది. యు-బోల్టులు, షాక్ అబ్జార్బరు పట్టీలు, డిస్కు బ్రేకులైతే కాలిపరు, వీటికి తగులుతున్నాయేమో చూడాలి. గొట్టం మీది బ్రేకు పైపును కురచ చేసి మళ్లీ వంచాలి, చేతి బ్రేకు కేబుళ్లు పొడవైపోతాయి. హౌసింగు మీది గాలి రంధ్రాన్ని వెల్డు చేసేటప్పుడు మూసేయకుండా ఉంచాలి. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి నూనె సీళ్ల గుండా బ్రేకుల మీదికి వస్తుంది.

విడి సస్పెన్షన్ ఉన్న ఇరుసును కూడా కురచ చేయవచ్చా?

1961లో ఇ-టైప్‌తో, మార్క్ 10తో జాగ్వార్ ప్రవేశపెట్టిన వెనుక సస్పెన్షన్‌ను పాత కార్లలో అమర్చేవారు తరచూ కురచ చేస్తారు. దానిలో హాఫ్ షాఫ్టే పై చేయిగా (చక్రాన్ని పట్టి ఉంచే పై కడ్డీగా) పనిచేస్తుంది కాబట్టి, షాఫ్టును, కింది చేతిని ఒకే కొలతతో తగ్గించాలి. లేకపోతే చక్రం ఎగిరేటప్పుడు వాలు మారిపోతుంది.

కారు నడక మీద ప్రభావం ఉంటుందా?

చక్రం బయటి అంచు అక్కడే ఉండి, టైరు లోపలికి వెడల్పైతే ట్రాక్ కొంత తగ్గుతుంది. మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారే బరువు ట్రాక్‌కు విలోమంగా ఉంటుంది. 59 అంగుళాల నుంచి 57కు వస్తే అది సుమారు మూడున్నర శాతం పెరుగుతుంది. వెడల్పు టైరు ఇచ్చే పట్టుతో పోలిస్తే ఇది చిన్న సంగతే, కానీ ముందు టైర్లను పాతవే ఉంచి వెనుక మాత్రం బాగా పెంచితే కారు మలుపుల్లో ముందుకు తోసుకుపోయే స్వభావం తెచ్చుకుంటుంది. లోతైన గిన్నె రిమ్ముల కోసం మరీ కురచ చేస్తే టైరు నడిమి గీత బేరింగుకు దూరంగా బయటికి వెళ్లి, బేరింగు మీద భారం పెరుగుతుంది. చూపు కోసం ఇంత మూల్యం అవసరమా అని నేనైతే ఆలోచించుకోమంటాను.

కారుకు పుట్టుకతో వచ్చిన ఇరుసునే కోయాలా?

వీలైనంతవరకు వద్దు. అసలు భాగాలన్నీ ఉన్న కారుకు విలువ ఎక్కువ, కోసిన గొట్టాన్ని మళ్లీ పెంచడం కన్నా పక్కన పెట్టి ఉంచిన ఇరుసును తిరిగి బిగించడం తేలిక. పాడుబడిన మరో కారు నుంచి హౌసింగు తెచ్చుకుని దాన్ని కోయడం మంచిది.

ఇంట్లోనే చేసుకోవచ్చా?

కొలతలు, విప్పడం, బిగించడం, పినియన్ కోణం సరిచూడడం ఓపిక ఉన్నవారెవరైనా చేసుకోవచ్చు. కడ్డీ, బిళ్లలు లేనివారు హౌసింగు వెల్డును, స్ప్లైన్లు కోసే యంత్రం లేనివారు షాఫ్టు పనిని వేరేవారికి ఇవ్వాలి. కడ్డీ, బిళ్లలు కొనే ఖర్చు ఒక్క ఇరుసుకు గిట్టుబాటు కాదు.

చట్టపరంగా అనుమతి కావాలా?

చాలా దేశాల్లో ఇరుసు మార్పును నిర్మాణపరమైన మార్పుగానే చూస్తారు. జర్మనీలో అయితే సాంకేతిక తనిఖీ సంస్థ పరీక్షించి పత్రాల్లో నమోదు చేయాలి, ఆస్ట్రేలియాలో ఇంజనీరు ధ్రువపత్రం అడిగే సందర్భాలు ఉన్నాయి. పని మొదలుపెట్టకముందే అడగాలి, ఎందుకంటే వెల్డు ఫొటోలు, కొలతల కాగితాలు తనిఖీ చేసేవారు కోరవచ్చు. టైరు మడ్‌గార్డు దాటి బయటికి కనబడకూడదన్న నియమం కూడా చాలాచోట్ల ఉంది.

బిగించాక మొదట ఏం పరీక్షించాలి?

చక్రాలు ఎక్కించకముందే షాఫ్టు అంచు మీద డయల్ గేజ్ పెట్టి తిప్పి, ఊగుతోందేమో చూడాలి. యు-బోల్టులను పాతవి వాడకుండా కొత్తవి వేయాలి. నూనె నింపాక, కారును స్టాండ్ల మీద ఉంచి తక్కువ వేగంలో కాసేపు తిప్పి, సీళ్ల దగ్గర తడి కనబడుతోందేమో చూడాలి. రోడ్డు మీద మొదటి ప్రయాణం దగ్గరిదై ఉండాలి. ఆగిన వెంటనే రెండు చక్రాల నడిమి భాగాలను చేతితో తాకి చూస్తే, ఒక పక్క మరో పక్క కన్నా స్పష్టంగా వేడిగా ఉంటే ఆ పక్క బేరింగును గానీ బ్రేకును గానీ అనుమానించాలి. టైరు గోడల మీద, మడ్‌గార్డు లోపల సుద్ద పూసి తిరిగివస్తే, ఎక్కడ రాసుకుంటోందో గీతలు చెబుతాయి. 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లను, యు-బోల్టులను నిర్ణీత టార్కుతో మరోసారి బిగించాలి.